ఇద్దరికీ ఒకే గొంతు

పోయిన వారం కుళ్లాయప్ప ఆస్పత్రి గేటు దాటి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయిన దగ్గర ఆగాం. చెబుతున్నది సగంలో వదిలేసి, కుర్చీని నెట్టేసి లేచిపోయాడతను. "ఇంక రాడు మేడం. ఆయప్ప సంగతి నాకు తెలుసు," అని భార్య హేమావతి, అతనికి చికిత్స చేస్తున్న ఆరీఫాతో చెప్పి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఈ వారమే ఈ కథ చేతికి తీసుకున్నవారి కోసం కాస్త వెనక్కి వెళ్దాం. కుళ్లాయప్పది బావులు తవ్వే పని. బోర్లు ఎండిపోయిన రైతులు పాత బావులనే ఇంకా లోతు చేయించుకుంటారు. మడకశిర చుట్టుపక్కల ఆ పనికి పేరున్న జట్టు ఇద్దరిది: కుళ్లాయప్ప, అతని అక్క తిరుపాలమ్మ భర్త రామాంజులు. పోయిన ఎండాకాలం దాసప్ప అనే రైతు బావిలో ఇద్దరూ పనిచేస్తుండగా ఒక పక్క గోడ విరిగి పడింది. కుళ్లాయప్పను ప్రాణాలతో తీశారు. రామాంజులును తీసేసరికి ఊపిరి లేదు.

ఒంటి మీది గాయాలు మానాయి. మిగతావి మానలేదు. కుళ్లాయప్ప ఇంట్లో పడుకోలేడు, తలుపు మూస్తే ఉండలేడు. తల మీద చెంబుడు నీళ్లు పడినా ఊపిరి ఆగిపోయినట్టు గిలగిలలాడతాడు. అందుకని తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే అతని స్నానం. ఈ కరువు నేల మీద తొలి వాన మట్టి వాసన వస్తే ముసలీ ముతకా వాకిట్లోకి వచ్చి నిలబడి గుండెల నిండా పీలుస్తారు. కుళ్లాయప్ప మాత్రం ముక్కు మూసుకుని రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. చివరికి మండలం ఆస్పత్రి డాక్టరు, వారానికొకసారి అక్కడికి వచ్చే ఆరీఫా దగ్గరికి పంపాడు. ఆరీఫా గుత్తి పిల్ల. బెంగళూరులో మానసిక చికిత్స చదువుకుని, తిరిగి సీమకే వచ్చింది. మాత్ర రాయదు, సూది వేయదు కాబట్టి ఊళ్లవాళ్లు ఆమెకు 'మాటల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు.

ఇక ఈ వారం సంగతి.

ఆరీఫా ఆస్పత్రి వెనక గది తాళం తీసేసరికి కుళ్లాయప్ప వరండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హేమావతి పక్కన లేదు. ఒక్కడే బస్సెక్కి వచ్చాడు.

"వచ్చినావా అన్నా," అంది ఆరీఫా, నిన్ననే కలిసి విడిపోయినట్టు.

"వచ్చినా మేడం." కాసేపు చేతులు చూసుకున్నాడు. "నీళ్లు పడకుండా నేను వదిలేసిన బావి ఒకటీ లేదు. రాయి తగిలినా వదల్లే. దీన్ని మాత్రం మధ్యలో ఎట్ల వదలల్ల అని రాత్రంతా అదే ఆలోచన."

"భయం లేదా మరి?"

"ఎందుకు లేదూ? బస్సులోనే రెండుసార్లు దిగిపోదామనుకుంటి."

ఆరీఫా నవ్వింది. భయం లేదని చెప్పి వచ్చేవాళ్ల కంటే, భయపడుతూనే వచ్చేవాళ్ల మీద ఆమెకు గురి ఎక్కువ.

గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ. కుళ్లాయప్పకు తలుపు కనబడేలా కుర్చీ వేయడం ఆమెకు మొదటి రోజు నుంచీ అలవాటు. ఇన్ని వారాలూ ఆ తలుపు బార్లా తెరిచే ఉంచారు. ఈ రోజు అతనే అటు చూసి, "సగం వేయండి మేడం. వరండాలో జనం ఉండారు," అన్నాడు. ఆరీఫా ఏమీ అనకుండా వెళ్లి సగం మూసింది. ఏడాదిగా ఏ తలుపూ మూయనివ్వని మనిషి ఆ మాట అన్నాడని ఆమె గమనించింది. అతను గమనించినట్టు లేడు.

"పోయిన వారం నువ్వు లేచిపోయినందుకు నాకేం కోపం లేదన్నా," అంది కూర్చుంటూ. "ఎందుకు ఈ పని చేస్తాండామో ఇంకోసారి చెప్తా, విను. ఆ రోజు జరిగింది అయిపోయింది. అది నీ బుద్ధికి తెలుసు. ఒంటికి తెలియదు. మట్టి వాసన వస్తే, తలుపు మూస్తే, మళ్లా ఆ బావిలోనే ఉండామని నీ ఒళ్లు అనుకుంటాది. నువ్వు పారిపోతావు. పారిపోయినందుకే బతికినామని అది ఇంకా గట్టిగా నమ్ముతాది. దీనికి పీటీఎస్‌డీ అని ఒక పేరు పెట్టినారు. యుద్ధానికి పోయొచ్చిన సిపాయిలకు వస్తాది, రోడ్డు మీద ప్రమాదం చూసినోళ్లకు వస్తాది. పిరికితనం కాదు, పిచ్చి కాదు. మనం చేసేదల్లా ఒకటే. ఆ రోజును మొదటి నుంచి చివరి దాకా, ఈ గదిలో, నేను పక్కన ఉండగా చూస్తాం. పారిపోకుండా చూస్తే, అది అయిపోయిందని ఒంటికి గూడా తెలిసొస్తాది."

"తెలిసొస్తాదా?"

"చానా మందికి తెలిసొచ్చింది. నా కళ్లతో చూసినా."

కుళ్లాయప్ప కళ్లు మూసుకున్నాడు. ఆరీఫా ఫోన్‌లో రికార్డు మొదలుపెట్టి మోకాళ్ల మీద పెట్టుకుంది. ఇంటికెళ్లాక అతను రోజూ వినాల్సింది అదే.

భయం ఎంతుందో చెప్పడానికి వాళ్లిద్దరికీ ఒక కొలత ఉంది. కుళ్లాయప్పే పెట్టిన కొలత. పాదాలు తడిసినాయి అంటే కొంచెం. మోకాటి లోతు, నడుము లోతు, గొంతు లోతు. అన్నింటికీ పైన, మునిగిపోవడం.

"ఇప్పుడెంత?"

"నడుము."

"సరే. ఇప్పుడే జరుగుతాండట్ట చెప్పు."

"పొద్దున్నే దిగినాం," అని మొదలుపెట్టాడు. గొంతు సన్నగా ఉంది. "చల్లగా ఉండాది లోపల. బావ ముందు తవ్వుతాండాడు, నేను ఆ మన్ను పైకి పంపే తొట్టికి ఎత్తుతాండా. ఏదో చెప్పి నవ్విస్తాండాడు, ఎప్పుడూ అంతే. మెడ మీద పిడికెడు మన్ను పడింది. తల ఎత్తి చూస్తి. పైన ఆకాశం పళ్లెం మాదిరి గుండ్రంగా ఉండాది. చూస్తాండంగనే అది లేకుండా పోయింది."

"తర్వాత?"

"చీకటి. నోటినిండా మన్ను. ఇనుప తొట్టి వాలి నా తల మీద అడ్డం పడిండాది, దాని కింద కొంచెం సందు. చేతులు కదలవు. కాళ్లు యాడుండాయో తెలియదు." ఊపిరి పొట్టిగా తీస్తున్నాడు. "బావా అంటే పలికినాడు. పక్కనే ఉండాడు, కనపడడు. ఎంతసేపో తెలియదు. పైనుంచి పిలుపు. ఎవరన్నా ఉండారా అని..."

ఆగిపోయాడు. పోయిన వారం ఆగింది ఇక్కడే. అంతకు ముందు వారమూ ఇక్కడే. రెండు చేతులూ కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి.

"ఎంత లోతన్నా?"

"మునిగినా."

"నా గొంతు వినిపిస్తాందా?"

"ఆ."

"కాళ్ల కింద ఏముండాది?"

కొంచెంసేపటికి, "బండలు," అన్నాడు. "సల్లగా ఉండాయి."

"అది ఆస్పత్రి గది. కాళ్లు ఆ బండల మీదనే పెట్టుకో. మనసును మాత్రం ఆడికి పంపు. పైనుంచి పిలుపొచ్చింది. నువ్వేం చేసినావు?"

"అరిచినా." అతని ముఖం ముడుచుకుపోయింది. "నేనుండా, ఈడుండా, నన్ను తీయండి అని అరిచినా మేడం! నేను, నేను అని! వాళ్లు నా గొంతు పట్టుకొని నా పక్కే తవ్విరి. బావ పక్క తవ్వలే. ఇద్దరం ఉండాం, ఒక్క గొంతే పైకి పోయింది. నాది. బావ బతికే ఉండాడు అప్పటికి. నేను అరవకుండా ఉంటే వాళ్లు రెండు పక్కలా తవ్వేవాళ్లు గదా? చెప్పండి, తవ్వేవాళ్లు గదా?"

ఇదీ ఏడాదిగా అతను మోసుకు తిరుగుతున్న బరువు. భార్యకు చెప్పలేదు. అక్కకు చెప్పే ధైర్యం అసలే లేదు. పగలూ రాత్రీ చెవుల్లో మోగేది తన అరుపే. అది మొదలవగానే లేచి ఎటో అటు పరుగెత్తడమే అతనికి తెలిసిన మందు.

'నీ తప్పేమీ లేదు' అనడం ఆరీఫాకు క్షణం పని. ఊళ్లో పది మంది అతనికి ఆ మాట చెప్పే ఉంటారు. అది లోపలికి దిగదు. చెంపల మీదుగా కారుతున్న నీళ్లను తుడుచుకోనిచ్చి, మెల్లగా అడిగింది.

"అన్నా, కొంచెం వెనక్కి పోదాం. పైనుంచి పిలుపొచ్చింది అన్నావు. తర్వాత నువ్వు అరిచినావు. ఆ రెండింటి మధ్య ఏముండాది?"

"ఏమీ లేదు."

"సరే. ఏమీ లేకపోతే లేదు. ఆ చోట ఒక్క నిమిషం నిలబడు. చెవులు పెట్టి విను. చేతులకు ఏం తగులుతాందో చూడు."

గదిలో మాట లేదు. వరండాలో ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. కిటికీ పక్క నుంచి ఒక ట్రాక్టరు వెళ్లింది. ఆరీఫా కదలలేదు. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని ఎవరికైనా అనిపిస్తుంది. నింపకుండా ఉండటం ఆమె ఎన్నో ఏళ్లు కష్టపడి నేర్చుకున్న విద్య.

కుళ్లాయప్ప కనుబొమలు దగ్గరపడ్డాయి. ఏదో దూరం నుంచి వినిపిస్తున్నట్టు తల ఒక పక్కకు వంచాడు.

"చెయ్యి," అన్నాడు.

"ఎవరి చెయ్యి?"

"బావది. నా చొక్కా పట్టుకోనుండాడు. కింద పక్క, అంచు పట్టుకొని లాగుతాండాడు." గొంతు మారిపోయింది. "పైనుంచి పిలుపొచ్చింది. నేను అరవలే మేడం. నోరు ఎండిపోయిండాది, భయంతో పలకలే. బావ చొక్కా లాగినాడు. రేయ్ కుళ్లాయా, నా మీద బండ ఉండాది, ఊపిరి పట్టడం లే, నాకు అరుపు రాదు... నువ్వు అరుచు. ఇద్దరికీ కలిపి నువ్వే అరుచు, అన్నాడు."

కళ్లు తెరిచాడు. ఎదురుగా ఉన్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు ఆరీఫా వైపు చూశాడు.

"ఇద్దరికీ కలిపి నువ్వే అరుచు అన్నాడు మేడం. ఇది నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు. యాడ పోయింది ఇన్ని దినాలూ?"

"యాడికీ పోలేదు. నువ్వు ఎప్పుడూ దానికి ముందే లేచి పరుగెత్తినావు. అది ఆడనే ఉండాది."

అతను ఏడ్చాడు. కోపమూ భయమూ కలిసిన పాత ఏడుపు కాదు. చావు ఇంట్లో ఏడవాల్సిన ఏడుపు, ఏడాది ఆలస్యంగా. ఆరీఫా నీళ్లిచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, కాసేపటికి అడిగాడు.

"అయితే నా తప్పు లేదంటారా?"

"నేనంటే అది నా మాట అవుతాది. నువ్వేమంటావు?"

కిటికీ వైపు తిరిగాడు. "పెద్దోడు చెప్పిన పని చేసినా," అన్నాడు చివరికి. "గట్టిగా అరవమన్నాడు, అరిచినా. వాళ్లు వచ్చిరి. నన్ను తీసి, నా పక్క నుంచే బావ కాడికి గూడా పోయిరి. అప్పటికే పోయినాడు. అది వేరే సంగతి. అది ఏడ్చే సంగతి."

ఆరీఫా తల ఊపింది. "ఇంకోసారి మొదటి నుంచి చెప్పగలవా?"

చెప్పాడు. ఆ చోటికి వచ్చినప్పుడు గొంతు వణికింది గాని తెగలేదు. ఎంత లోతని అడిగితే, నడుముకు కొంచెం కింద అన్నాడు.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇందులో పెద్ద సంగతి కనిపించదు. ఇద్దరు మనుషులు రెండు కుర్చీల్లో కూర్చుంటారు. ఒకరు చెబుతారు, ఒకరు వింటారు. కానీ ఏ చీకటి నుంచి ఏడాదిగా పారిపోతున్నాడో అందులోకి తనంతట తాను నడిచి వెళ్లి నిలబడటం ఎంత మందికి చేతనవుతుంది? అక్కడ అతన్ని తోయకుండా, లాగకుండా పక్కన ఉండటం మాత్రం ఎంత మందికి వస్తుంది? ఆ రోజు ఆ గదిలో ఇద్దరూ తమ తమ పనిలో చేయి తిరిగినవాళ్లే.

లేవబోతూ కుళ్లాయప్ప, "ఈ మాట మా అక్కకు చెప్పల్ల," అన్నాడు.

"చెప్పాలనుకుంటే చెప్పు. కానీ ఒకటి ఆలోచించుకో. ఆమె ఏడ్వొచ్చు, తిట్టొచ్చు. నమ్మకపోవచ్చు గూడా. అప్పుడు నీ మనసు మళ్లా వెనక్కి పోతాదా?"

"తిట్టనీ. చెప్పకుండా ఉండడం నా వల్ల కాదింక."

"బావి దగ్గరికి మాత్రం ఇప్పుడే వద్దు. దానికి ఇంకా టైముంది, మెల్లగా పోదాం. అదీ నిజంగా అపాయం లేని చోటయితేనే. అర్థమైందా?"

"ఆ మేడం," అన్నాడు.

*

ఆ సాయంత్రమే హేమావతిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి నడిచాడు. రెండు వీధుల దూరమే. ఆ దూరం నడిచి ఏడాది అవుతోంది.

రామాంజులు శవాన్ని ఇంటి ముందు దించిన రోజు, తిరుపాలమ్మ తమ్ముణ్ణి చూసి ఒకే ఒక్క మాట అంది. "నువ్వు ఎట్ల బయటికొచ్చినావురా?" అంతే. కుళ్లాయప్పకు అది శాపంలాగా వినిపించింది. తర్వాత ఆమె ఎదురుపడినా తల వంచుకుని పక్క సందులోకి తప్పుకునేవాడు. ఆమె కూడా పిలవలేదు.

ఆమె వాకిట్లో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. వాన పడితే వేయడానికి. తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది. చేతులు ఆగలేదు.

"రా హేమా, కూర్చో," అంది మరదలితో. తమ్ముణ్ణి ఏమీ అనలేదు.

కుళ్లాయప్ప నేల మీదే కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో ముందుగా అనుకున్నవన్నీ మరచిపోయాడు.

"అక్కా, బావ అప్పుడే పోలేదు," అన్నాడు.

తిరుపాలమ్మ చేతులు ఆగాయి.

"నాతో మాట్లాడినాడు. మాట్లాడినంతసేపూ నా చొక్కా పట్టుకోనుండాడు. నాకు నోరు పెగల్లేదక్కా. తనకు ఊపిరి లేదని, ఇద్దరికీ కలిపి నువ్వే అరుచు అని ఆయనే చెప్పినాడు. అరిచినా. నీకు చెప్పే మొహం లేక తిరుగుతాండా ఇన్ని దినాలూ."

హేమావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకూ ఇది కొత్త మాటే.

తిరుపాలమ్మ ఒలిచిన గింజలు చేటలో ఒక పక్కకు జరిపింది. తర్వాత అడిగింది.

"నొప్పి అన్నాడా?"

"బండ బరువుగా ఉండాదన్నాడు. నొప్పి అనలే."

"భయపడినాడా?"

"నాకన్నా తక్కువ."

"నన్ను తలుచుకున్నాడా?"

ఏదైనా మంచి మాట కల్పించి చెప్పవచ్చు. కుళ్లాయప్పకు అలా అనిపించింది కూడా. కానీ ఆ పొద్దున్న అంత కష్టపడి వెలికి తీసిన నిజంలో అబద్ధం కలపబుద్ధి కాలేదు.

"నీ పేరు ఎత్తలేదక్కా. మచ్చల గొర్రె ఈ పొద్దో రేపో ఈనుతాది, ఇంట్లో చెప్పు, బయట కట్టేయొద్దని అన్నాడు. తర్వాత నేను పిలిస్తే పలకలే."

తిరుపాలమ్మ ముఖం ఒక్కసారిగా కరిగిపోయింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఆమె గొంతులోంచి వచ్చింది.

"మరుసటి దినమే ఈనింది," అంది. "శవం లేచిన ఇంట్లో ఎవరూ దాన్ని చూడలే. వాకిట్లో కట్టేసిండారు. నేనే పోయి లోపలికి తోలుకొచ్చినా. రెండు పిల్లలు." కళ్లు తుడుచుకుంది. "ఆయప్ప చావబోతా గూడా గొర్రెనే తలుచుకున్నాడా! ఇంట్లో చెప్పు అంటే నాకు చెప్పమనే గదరా. ఈ ఇంట్లో గొర్రెను చూసుకునేది నేను గాక ఇంకెవరు?"

కుళ్లాయప్ప తల ఊపాడు.

"మన్ను పడంగనే పోయినాడు, ఏమీ తెలియకుండా పోయినాడు అని ఊరంతా చెప్పిరి నాకు. నేను బాధపడకూడదని. అబద్ధమని నాకు తెలుసు. నువ్వు ఎట్ల బయటికొచ్చినావురా అని నేనడిగింది ఎందుకనుకొన్నావు? ఆయప్ప కడాకు ఏం చేసినాడో తెలిసినోడు నువ్వొక్కడివే గదా, చెప్తావని అడిగితి. నువ్వు తల వంచుకొని పోతివి. నా మొహం చూడ్డం గూడా నీకు ఇష్టం లేదనుకొంటి."

తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కింద కుళ్లాయప్ప కదలకుండా కూర్చున్నాడు. తల మీద ఏమి పడినా ఉలిక్కిపడే మనిషి ఉలిక్కిపడలేదని హేమావతి ఒక్కతే చూసింది.

కొంచెంసేపటికి తిరుపాలమ్మే ముందుగా తేరుకుంది. "ఈ మాట వీరేషుకు గూడా చెప్పల్లరా నువ్వు," అంది. ఆమె గొంతులో కొత్తగా ఒక కంగారు వచ్చింది. "వాడికి నీ మీద చానా మంట. నాయనను విడిచిపెట్టి మామ వచ్చేసినాడంటాడు. ఎంత చెప్పినా వినడు."

వీరేష్ ఆమె కొడుకు. పెళ్లీడు కుర్రవాడు, బోరు లారీ మీద పనిచేస్తాడు.

"యాడుండాడు? పిలువు, చెప్తా."

తిరుపాలమ్మ అతని కళ్లలోకి చూడలేకపోయింది. "దాసప్ప ఆ బావిని మళ్లా తవ్విస్తాండాడు. వానలు పడేలోగా కావల్లంట. మా నాయన మొదలుపెట్టిన పని నేనే పూర్తి చేస్తానని వీడు ఒప్పుకొన్నాడు. వద్దంటే వినకుండా మధ్యాన్నమే పోయినాడురా. ఆడనే ఉండాడు ఇప్పుడు."

కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు.

హేమావతి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు! బావి కాడికి ఇప్పుడే వద్దన్నాది మేడం అని దారిలో నువ్వే చెప్తివి గదా!"

"అపాయం ఉండే చోటికి పోవద్దన్నాది నన్ను," అన్నాడు. "వాణ్ణి మాత్రం పోనిమ్మన్నాదా?"

ఊరు దాటితే ఎర్రటి చేలు. దున్ని, వాన కోసం వదిలేసిన నేల. ఆ దారిలో కుళ్లాయప్ప ముందు నడిచాడు, వెనక ఆడవాళ్లిద్దరూ. దూరంగా బావి గట్టు కనిపించగానే అతని కాళ్లు ఆగాయి. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుంది. ఈ పాటికి వెనక్కి తిరిగి పరుగెత్తి ఉండాల్సింది. హేమావతి అదే జరుగుతుందనుకుంది. అతను వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి పూర్తిగా వదిలి మళ్లీ తీసుకున్నాడు. కాళ్ల కింద నేల వైపు చూశాడు. తర్వాత నడిచాడు.

బావి గట్టున మన్ను పైకి లాగే ఇంజిన్ టకటకమంటోంది. దాసప్ప కంగారుగా ఎదురొచ్చాడు. "కుళ్లాయప్పా, నువ్వా? రేపు మనుషులొస్తారు, అప్పుడు చూద్దాం అంటి. వినకుండా దిగినాడయ్యా."

"ఇంజిన్ ఆపన్నా ముందు. గట్టు అదురుతాంది. దూరంగా జరుపు దాన్ని."

ఆ గొంతు విని దాసప్ప మారు మాట్లాడకుండా వెళ్లి ఆపాడు. ఏడాది కిందటి కుళ్లాయప్ప గొంతది. పని మీద ఉన్న మనిషి గొంతు.

అతను అంచుకు ఒక గజం ఇవతల నేల మీద పడుకుని, పాక్కుంటూ వెళ్లి తల అంచు దాటించాడు. లోపలికి చూశాడు. చీకటి పైకి లేచి ముఖానికి తగిలినట్టయింది. కళ్లు మూసుకోలేదు. కూలిన పక్క గోడను చూశాడు, దాని ఎదుటి గోడను చూశాడు, నెర్రెలు ఎక్కడున్నాయో చూశాడు. అన్నిటికంటే అడుగున, ఒక మనిషి చేతిలో పారతో నిలబడి పైకి చూస్తున్నాడు.

"వీరేషా, పైకి రా నాయనా."

కింది మనిషి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వా మామా?" ఆ గొంతు గోడల మధ్య తిరిగి పైకి వచ్చింది. అచ్చం రామాంజులు గొంతే. "ఈ పక్కకే రావంట గదా నువ్వు."

"వచ్చినా. పైకి రా. మీ నాయన కడాకు ఏం చెప్పినాడో నీకు చెప్పల్ల."

"ఆడి నుంచి చెప్తే నేను నమ్మను." వీరేష్ పార కింద పడేశాడు. "మా నాయన నీకు యాడ చెప్పినాడు? ఈడ గదా? ఈడికే వచ్చి చెప్పు. అప్పుడు నీతోనే పైకి వస్తా. లేదంటే ఎవరు పిలిచినా రాను."

తిరుపాలమ్మ గట్టున కూలబడి కొడుకును పేరు పెట్టి పిలుస్తోంది. హేమావతి మొగుడి చొక్కా పట్టుకుని, వద్దు వద్దని ఏడుస్తోంది. దూరంగా పడమటి కొండ మీద మబ్బు నల్లబడుతోంది. ఈ బావి గోడల మీద చినుకు పడితే ఏమవుతుందో అక్కడున్న వాళ్లలో కుళ్లాయప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అతను లేచి కూర్చున్నాడు. భార్య వేళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా విడిపించాడు. తర్వాత దాసప్ప వైపు చెయ్యి చాపాడు.

"తాడు గట్టిదేనా అన్నా?" అని అడిగాడు.